పొట్టేళ్ల ఎర్ర మూత్రానికి కారణం రాగి కావచ్చు

కళ్యాణదుర్గం దగ్గర షెడ్డులో మేపుతున్న పొట్టేళ్లలో రెండు చనిపోయాయని, మూత్రం కాఫీ రంగులో వచ్చిందని, పాడి గేదెల కోసం కొన్న ఖనిజ లవణ మిశ్రమాన్నే ఐదు నెలలుగా దాణాలో 2 శాతం కలుపుతున్నారని రాశారు. నా అనుమానమంతా ఆ మిశ్రమం మీదే.

గేదె తట్టుకునే రాగిని గొర్రె తట్టుకోలేదు. మిగిలినదాన్ని బయటికి పంపలేక కాలేయంలో నెలల తరబడి దాచుకుంటుంది, ప్రయాణమో పస్తో ఎదురైన రోజున అదంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగి ఎర్ర కణాలను పగలగొడుతుంది. కింది కనురెప్పను లాగి చూడండి, లోపలి పొర పసుపుపచ్చగా ఉంటే ఆ దశ మొదలైనట్టే.

మీ సంచి మీద కిలోకు 1000 మిల్లీగ్రాముల రాగి అని ఉంటే, కిలో దాణాలో 20 మిల్లీగ్రాములు అదనంగా చేరుతున్నట్టు. గొర్రెకు మొత్తం మేతలో కావలసింది సుమారు 7 నుంచి 11 మాత్రమే. మేతలోని మాలిబ్డినం అనే ఖనిజం, గంధకం కడుపులో రాగిని పట్టి ఉంచుతాయి గనుక, రాగి మాలిబ్డినానికి పది రెట్లు మించితే ముప్పు ఎక్కువ.

ఆ మిశ్రమాన్ని ఈరోజే ఆపి, రాగి కలపని గొర్రెల మిశ్రమం వాడండి. పిడుదుల జ్వరంలోనూ మూత్రం ఎర్రబడుతుంది కాబట్టి పశువైద్యుడితో రక్త పరీక్ష, మరొకటి చనిపోతే కాలేయ పరీక్ష తప్పక చేయించండి. రాగి అని తేలితే, దానికి విరుగుడు మందులైన అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం థయోసల్ఫేట్ మోతాదును ఆయనే నిర్ణయించాలి. పైకి బాగున్న పొట్టేళ్లకూ ఆ మందులు కొన్ని వారాలు పట్టించాల్సి రావచ్చు. అప్పటిదాకా వాటిని సంతకు తోలకండి.