కాలు మెచ్చిన పాట నోటికెక్కాలంటే

అమ్మాయ్,

కొన్ని డాన్స్ పాటలు క్లబ్బు దాటి అందరి పాటలు ఎందుకవుతాయన్న నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు చెప్పిన పాటలన్నీ వింటూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. రాయగలవు, అందులో అనుమానం లేదు. డ్రాప్ పడే ముందు, అంటే ఆగిన బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే ముందు, హాలంతా ఊపిరి బిగబట్టే ఆ నాలుగు క్షణాల గురించి రాసిన పేరా నాకు చాలా నచ్చింది, దాన్ని ముట్టుకోకు. పేచీ అంతా మిగతా దానితోనే.

"బీట్ అదిరింది, అందుకే హిట్టయింది" అన్న మాట నీ వ్యాసంలో నాలుగు చోట్ల ఉంది. ఒకచోట ఊపు అన్నావు, ఒకచోట ఎనర్జీ అన్నావు, ఇంకోచోట వైబ్. సంగతి ఒకటే. డాన్స్ పాటన్నాక బీట్ ఉండక ఏముంటుంది? అదే వేగంతో, అవే డ్రమ్ మెషీన్లతో, అదే ఏడాది వచ్చిన ఎన్నో పాటలు డీజేల పెట్టెలు దాటి బయటికి రాలేదు. వాటి బీటూ అదిరింది. గెలిచాక జాతకం తిరగేసి ఇదిగో రాజయోగం అని ఎవరైనా చెబుతారు. ఓడినవాళ్ల జాతకాలు కూడా తీసి చూడు, అదే యోగం వాళ్లకీ కనిపిస్తుంది.

మరి ఎలా రాయాలంటావా? నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న దారి ఒకటుంది. ఒకసారి ఓడిపోయి, మళ్లీ గెలిచిన పాటల్ని పట్టుకో. గొంతు అదే, మాటలు అవే. మారింది ఒకటో రెండో. ఆ మారినదేమిటో చెవి పెట్టి వింటే, నీ ఊహలకి ఆధారం దొరుకుతుంది.

రాబిన్ ఎస్ పాడిన 'షో మీ లవ్' చూడు. 1990లో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత స్టోన్‌బ్రిడ్జ్ అనే స్వీడన్ ప్రొడ్యూసర్ దాన్ని రీమిక్స్ చేశాడు. ఆమె గొంతు ఉంచుకున్నాడు, చుట్టూ ఉన్న సరంజామా మార్చేశాడు. కోర్గ్ ఎం1 అనే కీబోర్డులో కొన్ననాటి నుంచే ఉండే ఒక ఆర్గన్ శబ్దంతో వరస కట్టాడు. 1993లో ఆ పాట అమెరికా చార్టులో, అంటే వారం వారం వేసే హిట్టు పాటల జాబితాలో, 5వ స్థానం దాకా వెళ్లింది. ఆ వరస రెండు సెకన్లు వినిపిస్తే చాలు, ఏ పాటో జనం చెప్పేస్తారు. గమనించావా, అది డ్రమ్స్ పని కాదు. నోటితో అనుకోగలిగిన వరస.

ఇప్పుడు దీనికి తిరకాసు. ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్ అనే జంట 1994లో 'మిస్సింగ్' అనే పాట విడుదల చేసింది. దూరమైన మనిషిని తలుచుకునే దిగులు పాట. కూనిరాగం తీయడానికి హాయిగా ఉంటుంది, కాలు మాత్రం కదలదు. టాడ్ టెర్రీ అనే డీజే దాని కింద హౌస్ అనే క్లబ్ సంగీతపు దరువు పరిచాడు. దిగులు ఎక్కడికీ పోలేదు, పైగా డాన్స్ చేస్తున్నవాళ్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ మనిషి దిగులైపోయింది. రీమిక్స్ అమెరికాలో 2వ స్థానానికి చేరింది, 55 వారాలు చార్టులో ఉంది. అంటే ఒక పాటకి వరస కరువైంది, ఇంకో పాటకి దరువు కరువైంది. "బీటే కారణం" అన్న నీ వాక్యం రెండో పాటకి నిజం, మొదటిదానికి అబద్ధం. ఒకే వాక్యంతో రెంటినీ కట్టేయలేవు.

మూడోది నీకు తప్పకుండా నచ్చుతుంది. ఆశా భోస్లేని తలుచుకుంటూ కార్నర్‌షాప్ బృందం చేసిన 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' 1997లో బ్రిటన్ చార్టులో 60వ స్థానం దగ్గర ఆగిపోయింది. నార్మన్ కుక్ అనే డీజే వేగం పెంచాడు, శ్రుతి కూడా పెంచాడు, కింద బరువైన డ్రమ్స్ వేశాడు. 1998 ఫిబ్రవరిలో 1వ స్థానం. పక్కపక్కన పెట్టి విను. మొదటిది సోఫాలో జారగిలబడి పాడినట్టుంటుంది, రెండోది లేచి నిలబడి పాడినట్టు.

నాకర్థమైనంతలో సంగతి ఇది. డాన్స్ పాటకి ఇద్దరు యజమానులు, కాలు ఒకటి, నోరు ఒకటి. క్లబ్బులో కాలిదే రాజ్యం. బయటికొస్తే నోటిది. పాట మెయిన్‌స్ట్రీమ్ అయిందంటే, డాన్స్ చేయనివాళ్లు కూడా దాన్ని వింటున్నారని అర్థం. బట్టలు మడతపెడుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పరీక్షల టెన్షన్‌లో వింటున్నారని. ఆ వినేవాళ్ల దగ్గర చీకటి లేదు, గుంపు లేదు, గుండెని తాకే పెద్ద స్పీకర్లు లేవు. ఫోన్‌లో ఉండే బుల్లి స్పీకర్ 50, 60 హెర్ట్జ్ దగ్గరి బేస్‌ని, అంటే బాగా లోతైన శబ్దాన్ని, పలికించలేదు. క్లబ్బులో ఏ బేస్ వల్ల ఒళ్లు ఊగిందో, ఫోన్‌లో ఆ బేస్ అసలు లేనే లేదన్నమాట. అది పోయాక ఏం మిగిలిందన్నది అసలు ప్రశ్న.

కాలికి, నోటికి కావాల్సినవి ఎంత వేరో లెక్క వేసి చూపిస్తాను. డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారాలంటే మొదట్లో ఖాళీ డ్రమ్స్ కావాలి. అందుకే క్లబ్ మిక్స్‌లో 32 బార్ల (బారుకి నాలుగు బీట్లు) దాకా ఒట్టి దరువే ఉండటం మామూలు. నిమిషానికి 125 బీట్ల వేగంలో 32 బార్లంటే 128 బీట్లు, అంటే నిమిషం దాటిపోతుంది. స్పాటిఫైలో ఒక పాట విన్నట్టు లెక్కలోకి రావాలంటే 30 సెకన్లు వినాలి. డీజేకి సుఖమైన పాట, సోఫాలో కూర్చున్నవాడికి ఇంకా మొదలే కాలేదు! ఈ తగువు ఇవాళ్టిది కాదు. 1970లలో టామ్ మౌల్టన్ అనే రీమిక్సర్ పాటల్ని పొడిగించి మిక్స్‌లు చేసి, 12 అంగుళాల రికార్డు మీదికి ఎక్కించినప్పటి నుంచీ ఉంది. పెద్ద రికార్డు మీద సూది నడిచే గాడులు ఎడంగా ఉంటాయి కనుక శబ్దం గట్టిగా, బేస్ నిండుగా పలుకుతుంది. అది క్లబ్బుకి. రేడియోకి మాత్రం మూడు నాలుగు నిమిషాల చిన్న రూపం. ఒకే పాటకి రెండు ఒళ్లు. ఆ కత్తిరింపులో ప్రాణం పోయిన పాటలు ఎన్నో. ఏడు నిమిషాలు మెల్లగా కాగి కాగి పొంగే పాటని మూడు నిమిషాలకి కోస్తే కాగడం పోతుంది, నురుగు మిగులుతుంది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. పాటలోంచి డ్రమ్స్ తీసేశావనుకో. ఒక గిటారో, ఒట్టి గొంతో పెట్టుకుని పాడొచ్చా? 2013 మార్చిలో మయామీ అల్ట్రా ఫెస్టివల్‌లో అవిచీ అనే స్వీడన్ డీజే తన కొత్త పాటల్ని జానపద వాద్యాలతో, వేదిక మీద మనుషులతో వాయింపజేస్తే అక్కడి డాన్స్ జనం చాలామంది మొహం చిట్లించారు. వాటిలో ఒకటి 'వేక్ మీ అప్'. ఆ ఏడే బ్రిటన్‌లో 1వ స్థానం, అమెరికాలో 4వ స్థానం. పాడిన అలో బ్లాక్ తర్వాత దాన్ని గిటారుతో కూడా విడుదల చేశాడు. పాట చెక్కు చెదరలేదు. ఇంకా వెనక్కి వెళితే గ్లోరియా గేనర్ 'ఐ విల్ సర్వైవ్'. 1978లో అది రికార్డు వెనకవైపు పాట. డీజేలు రికార్డు తిప్పి వేశారు. 1979లో అమెరికాలో మొదటి స్థానం. డీజేలు తిప్పింది కాలి కోసమే, జనం ఇంటికి తీసుకెళ్లింది మాత్రం ఆ మాటల్ని. వదిలేసి వెళ్లినవాడు తిరిగొస్తే గుమ్మంలోంచే పొమ్మనే ఆడమనిషి కథ అది. ఎవరి కథైనా కావచ్చు.

(సినిమా పాటలకి ఈ పరీక్ష పెట్టకు. వాటి వెనక తెర ఉంటుంది, కథ ఉంటుంది, హీరో మొహం ఉంటుంది. ఆ లెక్క వేరే. నీ వ్యాసంలో రెంటినీ కలిపేశావు, విడదీయి.)

కాలి సంగతి తక్కువ చేస్తున్నానని అనుకోకు. 2014లో మరియా విటెక్ అనే పరిశోధకురాలి బృందం రకరకాల డ్రమ్ వరసలు వినిపించి, కదలాలని ఎంత అనిపిస్తోందని అడిగింది. మరీ సాపుగా ఉన్నవీ కదిలించలేదు, మరీ మెలికలు తిరిగినవీ కదిలించలేదు. మధ్యస్థంగా మెలిక ఉన్నవాటికే కాళ్లు లేచాయి. నీ 'ఊపు' అన్న మాట కన్నా ఈ సంగతి వ్యాసానికి పనికొస్తుంది. ఏ పాట ఎక్కడ దెబ్బ తప్పించి కొడుతుందో విని రాయి.

ఇక్కడ నా పరువు పోయిన కథ చెప్పాలి. 1996లో ఒక పత్రికకి 'మకరేనా' గురించి రాస్తూ, వారం పది రోజుల ముచ్చట, పిల్లల ఆట అని తేల్చేశాను. అది అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మా సంపాదకుడు వారం వారం ఫోన్ చేసి "ఇంకా ఉందండోయ్" అనేవాడు. నా తప్పేమిటంటే, పాటని మాత్రమే విన్నాను, మనుషుల్ని చూడలేదు. లాస్ దెల్ రియో జంట స్పానిష్ పాట అది, 1993 నాటిది. బేసైడ్ బాయ్స్ రీమిక్స్‌లో ఇంగ్లిష్ చరణాలు చేరాయి. అంతకన్నా ముఖ్యం, ఆ చేతుల వరస. నిలబడ్డచోటే నిలబడి, ఒక్కసారి చూసి నేర్చుకోవచ్చు. డాన్స్ రాదని సిగ్గుపడేవాడికి కూడా చేయడానికో పని దొరికింది. కాలూ నోరూ అన్నాను కదా, ఇక్కడ చెయ్యి వచ్చి రెంటినీ దాటేసింది. నా సిద్ధాంతం కూడా అంత గట్టిదేం కాదని నీకు తెలియాలి.

ఇంకా పెద్ద దెబ్బ 'బ్లూ మండే'. న్యూ ఆర్డర్ అనే బ్రిటన్ బృందం పాట, 1983. ఏడున్నర నిమిషాలు. పల్లవి అనదగ్గది లేదు. డ్రమ్ మెషీన్ చాలాసేపు కొట్టుకున్నాక గానీ గొంతు రాదు, వచ్చాక కూడా ముభావంగా ఉంటుంది. నేను పైన చెప్పిన నియమాలన్నీ తప్పింది. అయినా 12 అంగుళాల సింగిల్స్‌లో అత్యధికంగా అమ్ముడైనదిగా దానికే పేరు. ఎందుకంటే చెప్పలేను. ఆ మొదటి డ్రమ్ దడదడే నోటికెక్కే వరస అయిందేమో అని ఒక అనుమానం. నీ వ్యాసంలో ఇలాంటి పాట ఒకటి ఉండనీ, దాచకు.

ఇక తలుపుల సంగతి. నీ వ్యాసంలో ఇది బొత్తిగా లేదు. పాట బాగుండటం ఒకటి, దాన్ని లోపలికి రానివ్వడం ఇంకొకటి. 1979 జూలై 12న చికాగోలో రెండు బేస్‌బాల్ ఆటల నడుమ, డిస్కో అంటే గిట్టనివాళ్లు డిస్కో రికార్డుల్ని పేల్చేశారు. ఆ తర్వాత డిస్కో అన్న ముద్ర ఉంటే చాలు, అమెరికా రేడియో తలుపేసుకుంది. పాటలు ఒక్కరాత్రిలో చెడ్డవైపోలేదు కదా. 2012లో 'గంగ్నమ్ స్టైల్' యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అయింది. అమెరికా చార్టులో మాత్రం ఏడు వారాలు 2వ స్థానంలోనే ఉండిపోయింది. అప్పటికి ఆ చార్టు యూట్యూబ్‌ని లెక్కపెట్టదు, రేడియోలేమో దాన్ని అంతగా వేయలేదు. 2013 ఫిబ్రవరిలో లెక్క మారింది, యూట్యూబ్ వ్యూస్ కలిపారు. ఆ వారమే బావర్ అనే ప్రొడ్యూసర్ చేసిన 'హార్లెమ్ షేక్' తిన్నగా 1వ స్థానంలో దిగింది. ఆ పాట విడుదలై అప్పటికే తొమ్మిది నెలలైంది! జనం అర నిమిషం వీడియోల్లో వెర్రి గంతులు వేయడం ఒకటి, కొలబద్ద మారడం ఇంకొకటి, రెండూ ఒకేసారి కలిశాయి. కాబట్టి "నంబర్ వన్" అని రాసే ముందు, ఎవరు, దేన్ని లెక్కపెట్టారో ఒక్క ముక్క రాయి.

అదృష్టం గురించి కూడా రాయమంటాను, కానీ తలరాత అని చేతులు దులిపేసుకోకుండా. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా జనం ముందు పెట్టారు. కొందరికి ఒట్టి పాటలు, మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటని ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. గుంపు గుంపుకీ హిట్టు మారిపోయింది. ఎవరి ప్రభావమూ లేనప్పుడు 26వ స్థానంలో ఉన్న పాట ఒక గుంపులో మొదటిదైంది, ఇంకో గుంపులో 40వది. అయితే మరీ మంచివి అట్టడుగుకి పోవడం, మరీ చెడ్డవి పైకి రావడం అరుదు. నడిమధ్య ఉన్నవాటికే ఈ గాలివాటం. నువ్వు రాస్తున్న పాటల్లో చాలావరకు ఆ నడిమధ్యవేనని నా అంచనా.

ఇప్పుడు పని. రెండో పేజీ మొత్తం కొట్టేశాను, కోపగించుకోకు. ప్రతి హిట్టు పక్కనా ఒక జోడు పెట్టు. అదే ఏడాది, అదే తరహా, దాదాపు అదే వేగం, కానీ బయటికి రాలేకపోయిన పాట. ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో విను, ఒకసారి ఫోన్ స్పీకర్‌లో పక్క గదిలో పెట్టి విను. మర్నాడు పొద్దున్న ఏది నోట్లో నానుతోందో రాసుకో. ఆ జాబితా తయారయ్యాక ముందు నాకు పంపు, వ్యాసం తర్వాత. ఓడిన పాటల్లో నీకు బాగా నచ్చినదాని కింద గీత గీసి పంపు, అది నేను వినలేదేమో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు