లక్ష రౌండ్లు కాల్చిన పిస్టల్, బీరువాలో బిగుసుకుపోయిన రివాల్వర్

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడు లాస్ వేగాస్‌లో తుపాకులు అద్దెకిచ్చి కాల్పించే రేంజికి తీసుకెళ్లాడు. నేను కాల్చిన గ్లాక్ పిస్టల్ అప్పటికే లక్ష రౌండ్లు దాటిందన్నారు. అయినా ఒక్కసారీ మొరాయించలేదు. ఇక్కడ మా బావగారి లైసెన్సు రివాల్వర్ కొబ్బరినూనె రాసి, తోలు కేసులో పెట్టి ఏళ్లుగా బీరువాలోనే ఉంది. మొన్న తీస్తే చక్రం తిరగడం లేదు. అంత వాడింది నిలిచి, వాడనిది చెడిపోవడమేమిటండీ?
(ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: వాళ్లు చెప్పిన లెక్క నమ్మదగినదేనండి. పోలీసు ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసేవాడిగా) నా సర్వీసంతా గోదావరి జిల్లాల్లోనే గడిచింది. మా దగ్గరి ఈశాపూర్ 9 ఎంఎం పిస్టళ్లు ఎప్పుడో ప్రాక్టీసు ఫైరింగుకి తప్ప బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాల గది) గడప దాటేవి కావు. అవి ఉన్నన్నాళ్లూ కాల్చేన్ని రౌండ్లు అలాంటి రేంజిలో నెలల్లో అయిపోతాయి. అందుకే జబ్బులు వేరు: అక్కడ అరుగుదల, మనకి తుప్పు.

లక్ష రౌండ్లన్నప్పుడు మీరు అడగాల్సింది, ఈలోగా ఏమేం మార్చారని. రైసుమిల్లులో బెల్టులు మారుస్తూ ఉంటే మిల్లు నడిచినట్టే ఇదీ. కాల్చినప్పుడు వెనక్కి పోయిన స్లైడును (పిస్టల్ పైభాగాన్ని) మళ్లీ ముందుకు తెచ్చే రికాయిల్ స్ప్రింగుని కొన్ని వేల రౌండ్లకోసారి మార్చేయాలి. అది నీరసించాక కూడా వాడితే స్లైడు ఫ్రేముని (కింది చట్రాన్ని) బలంగా గుద్దుతుంది, అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఖాళీ తూటాని లాగే ఎక్స్‌ట్రాక్టర్, ట్రిగ్గర్ స్ప్రింగు కూడా ఎప్పుడో ఒకప్పుడు విరిగేవే. బెరెట్టా 92 రకం పిస్టల్ అయితే, స్లైడునీ బ్యారెల్‌నీ (గొట్టాన్నీ) కలిపి పట్టే లాకింగ్ బ్లాక్ మీద కన్నేసి ఉంచాలి. బ్యారెల్ మాత్రం చాలాకాలం ఉంటుంది, ఎందుకంటే పిస్టల్ తూటా ఒత్తిడి తక్కువ. 9 ఎంఎం తూటా ఒత్తిడి గరిష్ఠంగా చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, 5.56 రైఫిల్ తూటాది దానికి ఒకటిన్నర రెట్లు పైమాటే.

ఇంకో సంగతి. ఎక్కువకాలం మన్నడం వేరు, నొక్కినప్పుడల్లా పేలడం వేరు. మంచి పిస్టల్ కూడా పాడు మ్యాగజైన్‌తో (తూటాలు పేర్చే డబ్బాతో) ఆగిపోతుంది. అద్దె రేంజిలో మ్యాగజైన్లు సిమెంటు నేల మీద పడుతూనే ఉంటాయి, పై అంచులు వంగుతాయి, తూటా సరైన కోణంలో పైకి రాదు. కొత్తవాళ్లు మణికట్టు వదులుగా పట్టుకున్నా స్లైడు పూర్తిగా వెనక్కి పోక ఖాళీ తూటా ఇరుక్కుంటుంది. నేనైతే స్టాపేజ్ వచ్చినప్పుడు (పిస్టల్ మధ్యలో ఆగినప్పుడు) ముందు మ్యాగజైన్ మార్చి చూసేవాణ్ణి, తర్వాతే పిస్టల్ విప్పేవాణ్ణి. ఏ నంబరు ఆయుధం ఎన్ని రౌండ్లు కాల్చిందో రిజిస్టరులో రాయని చోట ఏ పిస్టల్‌నీ నమ్మలేం. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

ఇక మీ బావగారి రివాల్వర్. తోలు కేసే దాన్ని పాడు చేసింది. తోలు చెమ్మను పీలుస్తుంది, దాన్ని పదును చేసిన ఉప్పులు ఇనుముని తింటాయి. పాలకొల్లుకి సముద్రం ఎంత దూరమని? శ్రావణం ముసుర్లు, ఆపైన కార్తీకంలో తుపాన్లు. ముసురు పట్టిందంటే మేం వారం తిరక్కుండా గొట్టంలోంచి పుల్‌త్రూ (గుడ్డ కట్టిన తాడు) లాగి తుడిచేవాళ్లం. కొబ్బరినూనె తలకి మంచిది, తుపాకీకి కాదు. ఏళ్లు గడిచేకొద్దీ బంకలా మారి చక్రాన్ని, దాన్ని తిప్పే చిన్న భాగాల్ని పట్టేస్తుంది.

బలవంతంగా తిప్పవద్దని చెప్పండి. లోపల తూటాలు ఉన్నాయేమో అనే అనుమానంతోనే ముట్టుకోవాలి, గొట్టం ఎవరి వైపూ ఉండకూడదు. లైసెన్సు పుస్తకంతో సహా లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరికి తీసుకెళ్లి విప్పించండి. బాగయ్యాక తోలు కేసు పక్కన పెట్టి, గన్ ఆయిల్ పల్చగా తుడిచి, పొడిబట్టలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో తాళంపెట్టెలో ఉంచమనండి. పాత తూటాలు కూడా అదే చెమ్మలో ఉన్నాయి కనుక డీలరుకి చూపించందే వాడనివ్వకండి.