కృష్ణబిలం చుట్టూ ఆ నిప్పుల పళ్లెం ఎందుకు?

ప్రశ్న: కృష్ణబిలం బొమ్మల్లో చుట్టూ నిప్పుల పళ్లెం గీస్తారు. వాయువు తిన్నగా లోపల పడిపోక అలా ఎందుకు తిరుగుతుంది? వెలుగు కూడా బయటికి రాదంటారు. మరి ఆ వెలుగు ఎక్కడిది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: కృష్ణబిలం చుట్టుపక్కల ఉన్నదాన్నంతా లాగేసుకుంటుందన్న మాటను ముందు పక్కన పెట్టండి. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలాన్ని ఉంచినా భూమి ఇప్పటిలాగే ఏడాదికొకసారి చుట్టి వస్తుంది. ముప్పై ఏళ్ల బోధనలో నేను ఎక్కువసార్లు చెప్పవలసి వచ్చిన మాట ఇదే: కృష్ణబిలంలో పడటం తేలిక కాదు.

హంస నక్షత్ర మండలంలోని సిగ్నస్ ఎక్స్-1నే తీసుకుందాం. మనకు సుమారు 7,200 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 21 రెట్ల బరువున్న కృష్ణబిలమూ ఒక భారీ నీలి నక్షత్రమూ 5.6 రోజులకొక ప్రదక్షిణ చేస్తుంటాయి. ఆ నక్షత్రం నుంచి వీచే వాయువులో కొంత కృష్ణబిలానికి చిక్కుతుంది. తిరిగే నక్షత్రం నుంచి వచ్చింది కనుక ఆ తిరుగుడు దానితోపాటే వస్తుంది. మీ పాఠ్యపుస్తకంలోని కోణీయ ద్రవ్యవేగం ఇదే. పైకీ కిందికీ ఉండే కదలికలు ఒకదాన్నొకటి ఢీకొని సద్దుమణుగుతాయి, తిరుగుడు మాత్రం పోదు. అందుకే వాయువు పళ్లెంలా పరుచుకుంటుంది. అదే అక్రీషన్ డిస్క్.

ఇక వెలుగు. మా ఇంట్లో మర పట్టించి తెచ్చిన పిండి డబ్బాకు అమ్మ వెంటనే మూత పెట్టనిచ్చేది కాదు, ఆవిరి పట్టి ఉండలు కడుతుందని. చెయ్యి పెడితే ఎంత వెచ్చగా ఉండేదో! ఆ వేడి రాళ్ల రాపిడిది. డిస్కులో లోపలి వలయాలు వేగంగా, బయటివి నిదానంగా తిరుగుతాయి. ఆ ఒరిపిడిలో లోపలి వాయువు తన తిరుగుడులో కొంత బయటిదానికి అప్పగించి మరికాస్త లోపలికి జారుతుంది, జారుతూ వేడెక్కుతుంది. సిగ్నస్ ఎక్స్-1లో లోపలి అంచు దగ్గర వేడి పదుల లక్షల డిగ్రీలకు చేరి ఎక్స్-కిరణాలు వెలువడతాయి. అంటే ఆ వెలుగు బిలంలోది కాదు, బయట పుట్టినదే.

మర పోలిక ఇంతవరకే పనికొస్తుంది. పలుచని వాయువులో మామూలు రాపిడి ఏమూలకూ చాలదు. 1973లో సోవియట్ శాస్త్రవేత్తలు షకూరా, సున్యాయెవ్ ఆ తెలియని ఒరిపిడినంతా ఆల్ఫా అనే ఒక్క అక్షరంలో పెట్టి లెక్కలు సాగించారు. నాకు ఎంతో ఇష్టమైన సాహసం అది. 1991లో బాల్బస్, హాలీ అయస్కాంత క్షేత్రమే ఆ పని చేస్తుందని చూపారు. అది లోపలి వాయువునూ బయటి వాయువునూ రబ్బరు తాడులా కలుపుతుంది. లోపలిది ముందుకు పరుగెత్తినకొద్దీ తాడు వెనక్కి లాగుతుంది. దాంతో లోపలిది ఇంకా లోపలికి జారి, తాడు ఇంకా సాగి, కదలిక అదుపు తప్పుతుంది. ఈ అస్థిరత గణితాన్ని మన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1960లోనే రాసిపెట్టారు.

డిస్క్ బిలం అంచు వరకూ ఉండదు. సూర్యుడికి పదిరెట్ల బరువుండి, తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలం సరిహద్దు కేంద్రం నుంచి 30 కిలోమీటర్లు, ఇంచుమించు తెనాలి నుంచి విజయవాడ అంత. స్థిరమైన కక్ష్యలు 90 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అక్కడ వాయువు సెకనుకు 200 సార్లకు పైగా చుట్టి, ఆపైన జారిపోతుంది. అక్కడికి చేరేలోపు తన ద్రవ్యరాశిలో దాదాపు 6 శాతాన్ని శక్తిగా వదిలేస్తుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు దక్కేది 0.7 శాతమే.

లోపలి భాగం దగ్గర కొరోనా అనే ఇంకా వేడి మేఘం కూడా ఉంది. అది డిస్క్ వెంబడే పరుచుకుని ఉందని 2022లో నాసా ఉపగ్రహం ఐఎక్స్‌పీఈ ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని, అంటే ఆ తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయో, కొలిచి చూపింది. ఆ ధ్రువణాన్నే కొలిచే మన ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి బయలుదేరింది. ఆ ఉదయం సూళ్లూరుపేటలో నిలబడి దాన్ని కళ్లారా చూశాను.

మీ కళాశాలలో చిన్న టెలిస్కోపు ఉంటే సెప్టెంబరు రాత్రి తొమ్మిదింటికి నడినెత్తికి కాస్త ఉత్తరంగా హంస మండలాన్ని వెతకండి. ఈటా సిగ్ని అనే నక్షత్రానికి అర డిగ్రీ దూరంలో, తొమ్మిదో తరగతి కాంతితో, అంటే ఉత్త కంటికి అందనంత మసకగా, ఒక చుక్క ఉంటుంది. ఆ డిస్కుకు వాయువునిచ్చే నీలి నక్షత్రం అదే.