మామిడి టెంక అంట్లు ఎందుకు పోతున్నాయి: ఏ రోజున, ఎక్కడ నల్లబడిందో చూడండి

మీరు ఖమ్మం వైపు నర్సరీలో బంగినపల్లి టెంక అంట్లు (టెంక నుంచి అప్పుడే మొలిచిన మొక్కకు మంచి రకం రెమ్మను అతికించడం) కడుతున్నామనీ, వందకు నలభై కూడా నిలవడం లేదనీ, కడియంలో కట్టేవాళ్లను అడిగితే "అదంతా హస్తవాసండీ" అన్నారనీ రాశారు. హస్తవాసి కాదండీ. కత్తి పట్టడం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. తేడా అంతా కత్తి పట్టకముందు పుల్లను, అంటే అతికించే రెమ్మను, ఎలా తయారుచేశారు, కట్టాక తేమ ఎలా నిలిపారు అన్నదాంట్లో ఉంటుంది. నర్సరీవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండా వదిలేసేవి కూడా ఇవే.

ముందు టెంక సంగతి. మామిడి టెంకకు మొలకశక్తి ఎక్కువ కాలం ఉండదు. గుజ్జు తీసిన మూడు నాలుగు వారాల్లోపు పాతాలి. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి కలెక్టర్ కాయ టెంకలు లారీల్లో వస్తాయి కదా, కుప్పలో పులిసి వేడెక్కితే లోపలి గింజ చచ్చిపోతుంది. కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఆ సరుకు వద్దు. కడిగి నీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవే వాడాలి. వీలుంటే పైపెంకు తీసి గింజను పాతండి. మొలక త్వరగా, నిటారుగా వస్తుంది, టెంక పురుగు ఉన్నదీ బయటపడుతుంది. బయటికి ఉబ్బిన వంపు అంచు పైకి ఉండేలా ఇసుక మడిలో పెట్టాలి. అడ్డదిడ్డంగా వేస్తే మొలక మెడ వంకరపోతుంది, అంటు కట్టేటప్పుడు దానికి చీలిక తిన్నగా రాదు.

పుల్ల దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. తల్లి చెట్టు కాపు కాస్తున్నదై, రకం మీకు కచ్చితంగా తెలిసినదై ఉండాలి. కాయ చూడని కుర్ర అంటు మొక్కల నుంచి పుల్ల కోస్తే, రకం తప్పైతే రైతుకు నాలుగైదేళ్ల తర్వాత గానీ తెలియదు. మూడు నాలుగు నెలల వయసున్న, పూత రాని చివరి రెమ్మ, పెన్సిలంత లావు, 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు. చాలామంది ఇంతవరకూ చెప్పి ఊరుకుంటారు. అసలు పని ఏమిటంటే, కోతకు 7 నుంచి 10 రోజుల ముందే చెట్టు మీద ఉండగానే ఆ రెమ్మ ఆకుల్ని కత్తిరించి, కాడలు మాత్రం ఉంచాలి. ఆకులు పోయాక రెమ్మలోని ఆహారం చివరి మొగ్గకు చేరి అది ఉబ్బుతుంది. వేలు తగిలిస్తే కాడలు వాటంతట అవే రాలిపోయి, మొగ్గ ఉబ్బి ఇంకా విచ్చుకోకుండా ఉన్న రోజే కోతకు అదను. విచ్చుకుందంటే ఆలస్యమైనట్టే, కట్టాక ఆ లేతాకు వాడి పుల్లను కూడా తీసుకుపోతుంది. ఆకులు గిల్లని పచ్చి పుల్లను కోసిన రోజే కడితే, మొగ్గ కదిలేలోపే ఎండిపోయే ప్రమాదం ఎక్కువ.

పొద్దున్నే కోయండి. దూరం తీసుకెళ్లాలంటే అరటి డొప్పల్లోనో, తడిపి పిండిన గోనెలోనో చుట్టి నీడన ఉంచండి. నీళ్ల బకెట్లో నానబెట్టవద్దు. కోసిన రోజే కట్టేస్తే అన్నిటికన్నా మంచిది.

వేరు మొక్క, అంటే టెంక నుంచి వచ్చిన మొక్క, మొలిచి 8 నుంచి 15 రోజులై, కాండం, ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే కట్టాలి. ఆకుపచ్చకు తిరిగితే కాండం గట్టిపడి చీలిక పగులుతుంది. టెంక ఊడకుండా మొక్కను పెకలించి, కార్బెండజిమ్ అనే తెగులు మందు లీటరు నీటికి 1 గ్రాము కలిపిన ద్రావణంలో వేళ్లూ టెంకా 5 నిమిషాలు ముంచండి. టెంకకు 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన తల నరికి, నడిమధ్యన 3 నుంచి 4 సెంటీమీటర్లు నిలువుగా చీల్చాలి. పుల్ల అడుగును అంతే పొడవున రెండు పక్కలా, కొస సన్నబడేలా చెక్కాలి. ఒక్కో పక్కకు ఒక్కటే కోత. రెండుమూడుసార్లు గీకితే చెక్కిన ముఖం ఎగుడుదిగుడై మధ్యలో ఖాళీ మిగులుతుంది. బెరడు కిందున్న పచ్చటి పొరలు రెండూ కలవాలి. పుల్ల లావైతే కనీసం ఒక పక్కైనా అంచుకు అంచు కలపండి, నడిమధ్యన దిగేస్తే ఏ పక్కా కలవదు. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు పాలిథిన్ పట్టీతో కింద నుంచి పైకి బిగించి, పుల్ల మీద సన్నటి పాలిథిన్ టోపీ తొడగండి. బ్లేడుకు సొన అంటుకుంటుంది, స్పిరిట్ గుడ్డతో తుడుస్తూ ఉండాలి. అప్పుడు 6×8 అంగుళాల సంచిలో నాటి నీడ కిందకు చేర్చాలి.

ఇక మీ ప్రశ్నకు అసలు జవాబు. "పట్టలేదు" అని ఒక్క మాటలో రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. వారంలోపే పుల్ల పైనుంచి ముడుచుకుని నల్లబడితే తేమ చాలలేదు, లేదా పుల్ల తయారు కాలేదు. పైన పచ్చగానే ఉండి అతుకు దగ్గర నల్లబడితే బ్లేడు మురికి, వదులు కట్టు, టోపీలోకి దిగిన నీళ్లు, వీటిలో ఒకటి. చిగురు వేసి, మీరు సంతోషపడ్డాక, మూడు నాలుగు వారాలకు వాడిందంటే అతుకు అసలు కలవలేదు. ఆ చిగురు పుల్లలో దాచుకున్న ఆహారంతో వచ్చినదే. కట్టు విప్పి చూస్తే చెక్కిన ముఖం గోధుమ రంగులో, పొడిగా కనిపిస్తుంది. టెంకకు ఆనుకుని మొదలు మెత్తబడి పడిపోతే అది మొదలు కుళ్లు తెగులు, దానికీ అంటుకీ సంబంధం లేదు. నీళ్లు తగ్గించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి. టోపీ తీసిన మర్నాడే వాడితే ఒక్కసారిగా తీసినందువల్ల. ముందు మూల కత్తిరించి, రెండు మూడు రోజులాగి, సాయంత్రం పూట తీయాలి.

ఖమ్మం వాతావరణం మాటా చెప్పాలి. టెంక అంటు కొంకణ తీరంలో బాగా నిలిచిన పద్ధతి. అక్కడ జులై, ఆగస్టుల్లో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. గోదావరి పక్కన కడియంలోనూ కొంతవరకు అంతే. మీ దగ్గర వానలు పది రోజులు మొహం చాటేసి పడమటి గాలి కొడితే, అదే పుల్ల అదే చెయ్యి అయినా ఫలితం సగమవుతుంది. 50 శాతం షేడ్ నెట్ కింద, అడుగున్నర ఎత్తులో పాలిథిన్ గూడు వేసి, లోపల నేలను తడుపుతూ ఉండండి. మొక్కల మీద కాదు, నేల మీదే. నేరుగా ఎండ పడే చోట మాత్రం గూడు వేయకండి, లోపల ఉడికిపోతాయి. ఇది కుదరకపోతే టెంక అంటు పట్టుకుని వేలాడటం దండగ. ఏడాది లోపు సంచి మొక్కల మీద లేత చిగురు వచ్చినప్పుడు మెత్తకొమ్మ అంటు కట్టండి. మెట్ట ప్రాంతానికి అదే నయం.

చివరిగా, కడియం వాళ్లను మళ్లీ అడగండి, కానీ "ఎలా కడతారు?" అని కాదు. 50 పుల్లలు అడిగి తెచ్చుకోండి, మీవి మరో 50 కోయండి. మీ మనిషి రెండు రకాలూ చెరి 25, వాళ్ల మనిషి చెరి 25 కట్టాలి. నాలుగు రంగుల దారాలు కట్టి ఒకే గూట్లో పెట్టండి. 40 రోజులకు లెక్కేస్తే తప్పు పుల్లదో, చేతిదో తేలిపోతుంది. ఆ లెక్క వాళ్లకూ పంపండి, వాళ్లకు కూడా తెలియని సంగతి అందులో ఉండవచ్చు. 1951లో అమెరికాలో మొదలైన మొక్కల ప్రవర్ధకుల (అంట్లు, విత్తనాలతో మొక్కలు తయారుచేసేవాళ్ల) అంతర్జాతీయ సంఘం, ఐపీపీఎస్, "వెతుకు, పంచుకో" అన్నదే నినాదంగా పెట్టుకుంది. వ్యాపారంలో పోటీదారులే అక్కడ ఒకరి పద్ధతులు ఒకరికి చెప్పుకుంటారు. మన దగ్గరా ఇది జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈసారి రాసేటప్పుడు టెంకలు పాతిన తేదీ, ఆకులు గిల్లిన తేదీ, కట్టిన తేదీ, ఎన్నో రోజున ఎక్కడ నల్లబడింది, ఇవి రాయండి. పోయిన అంటు ఒకటి కట్టు విప్పి, అతుకు ఫోటో కూడా పెట్టండి.