తప్పు చూపే మాటలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. సంభాషణలు సహజంగా ఉన్నాయి, కథనంలో పట్టు ఉంది. అయితే అందులో అన్న తమ్ముణ్ణి విమర్శిస్తాడు, తల్లి కొడుకును విమర్శిస్తుంది, పై అధికారి గుమాస్తాను విమర్శిస్తాడు. ఈ ముగ్గురూ చేసినది ఒకే పని కాదు. విమర్శ అంటే అసలు అర్థం పరిశీలన, మంచిచెడ్డలు రెండూ తూచి చూడటం. సాహిత్య విమర్శలో మెచ్చుకోలుకు కూడా చోటు ఉన్నది అందుకే. వాడుకలో ఆ మాట తప్పు చూపడం వైపు ఒరిగిపోయిన మాట నిజమే కానీ, కొడుకు మీద కోపం వచ్చిన తల్లికి అది ఇప్పటికీ అతకదు.

తప్పు చూపే ప్రతి మాటా తప్పు చేసినవాడి సంగతితో పాటు, దాన్ని చూపినవాడికి ఉన్న హక్కు ఏమిటో, అతని మనసులో ఏముందో కూడా బయటపెడుతుంది. మందలించాడు అన్నామంటే అతనికి ఆ పెద్దరికమో చనువో ఉందనీ, ఎదుటివాడు బాగుపడాలనే కోరుతున్నాడనీ ఒప్పుకున్నట్టే. చీవాట్లు పెట్టాడు అంటే పెద్దరికం ఉంది కానీ ఓర్పు నశించింది. నిలదీయడానికి పెద్దరికంతో పని లేదు, జవాబు రాబట్టే పట్టుదల ఉంటే చాలు. అందుకే కొడుకు తండ్రిని నిలదీశాడంటే సరిగ్గానే ఉంటుంది, మందలించాడంటే మాత్రం ఆ ఇంట్లో పెద్దరికం చేతులు మారిందా అని పాఠకుడు ఆగి ఆలోచిస్తాడు. దెప్పడానికి పాత విషయం ఒకటి ఉండాలి. ఎప్పుడో జరిగిన పొరపాటునో, ఎప్పుడో చేసిన సాయాన్నో తవ్వి తీస్తేనే అది దెప్పిపొడుపు. అదే రోజూ సాగితే సాధింపు. నీ కథలో "ఆనాడే నా మాట విని ఉంటే ఇవాళ ఈ గతి పట్టేదా?" అనే తల్లి మాట పక్కన 'విమర్శించింది' తీసేసి 'దెప్పింది' అని పెట్టి పైకి చదివి చూడు. వాళ్లిద్దరి మధ్య ఏళ్ల తరబడి పేరుకుపోయినదంతా నువ్వు వేరే చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఇక విభక్తుల సంగతి. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. తప్పు మనిషిలో ఉంటుంది, వంక మనిషికి పెడతారు, నింద మనిషి మీద వేస్తారు. లోపల ఉన్నదాన్ని చూపితే అది తప్పు చూపడం. లేనిదాన్నో, ఉన్నా లెక్కలోకి రానిదాన్నో తెచ్చి తగిలిస్తే అది వంక పెట్టడం; 'వంక పెట్టడానికి లేదు' అన్నది గొప్ప మెచ్చుకోలు అయింది అందుకే. నింద పూర్తిగా బయటినుంచి వచ్చి పడేది, నీలాపనింద అనే మాట కూడా ఉండనే ఉంది. కాబట్టి 'గుమాస్తా మీద నింద వేశారు' అని నీ కథనంలో రాసిన మరుక్షణం పాఠకుడు అతణ్ణి నిర్దోషిగా లెక్క కట్టేస్తాడు. సందేహం చివరిదాకా నిలవాలనుకుంటే 'ఆరోపించారు' అను. ఆరోపణ రుజువు కావచ్చు, కాకనూ పోవచ్చు.

తప్పులెన్నడం మరొకటి. ఎన్నడం అంటే లెక్కపెట్టడం. "తప్పులెన్నువారు తండోపతండంబు" అని వేమన అన్నది ఒక తప్పు చూపి ఊరుకునేవాళ్ల గురించి కాదు, ఒకదాని తర్వాత ఒకటి లెక్క పెట్టుకుంటూ పోయేవాళ్ల గురించి. పై అధికారి స్వభావానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది.

పెద్ద మాటలతో జాగ్రత్త. అభిశంసన అన్నది వ్యవస్థ చేసే పని, రాజ్యాంగం 61వ అధికరణంలో రాష్ట్రపతిని తొలగించే ప్రక్రియకు వాడే మాట. అన్నదమ్ముల తగాదాలో అది ఇమడదు. ఖండించడానికి రెండు ముఖాలున్నాయి: దాడిని ఖండించారంటే తప్పని గట్టిగా అన్నారని, ఆరోపణను ఖండించారంటే అది నిజం కాదన్నారని. దేన్ని ఖండించారో వాక్యంలో స్పష్టంగా లేకపోతే అర్థం తారుమారవుతుంది.

చివరి భాగంలో కేసు ఇంకా విచారణలో ఉండగానే గుమాస్తాను దోషి అని రాశావు. తీర్పు వచ్చేదాకా అతడు నిందితుడే, అంటే అతని మీద ఒక అభియోగం ఉంది, అంతవరకే. దోషి అన్న మాట అధికారి నోట పలికించు, అతని తొందరపాటు అందులో తెలుస్తుంది. నీ కథనంలో మాత్రం నిందితుడు అనే ఉంచు.

నీ శ్రేయోభిలాషి