గొర్రెను చూడకుండా రావద్దు!

ప్రశ్న: మాది కావలి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పీజీ అయిపోవచ్చింది, ఇంకో మూడు వారాల్లో ఇంటికి వచ్చేస్తున్నా. ఏడాదంతా లైబ్రరీ, రాత్రిళ్లు రెస్టారెంట్‌లో గిన్నెలు కడగడంతోనే సరిపోయింది, ఊరు చూసిందే లేదు. చేతిలో డబ్బులు తక్కువ, ఇంటి నుంచి చాక్లెట్ల లిస్టు మాత్రం పెద్దదే వచ్చింది. ఏమేం చూసి రమ్మంటారు?

జవాబు: చాక్లెట్లు చివరి రోజు కొనొచ్చులే అమ్మా, ముందు ఒక పొద్దున్నే ఆర్థర్స్ సీట్ ఎక్కు. 251 మీటర్లే, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం, పైనుంచి కోట, పాత ఊరు, అవతల సముద్రం అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి, టిక్కెట్టు కూడా లేదు. గాలికి చున్నీ నిలవదు, జర్కిన్ వేసుకో. కోట టిక్కెట్టు ఖరీదే. మనసొప్పకపోతే మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నిలబడు, ఓడలవాళ్లు గడియారాలు సరిచూసుకోవడానికని 1861లో మొదలుపెట్టిన కోటమీది ఫిరంగి ఇప్పటికీ పేలుతుంది, ఆదివారం మాత్రం ఉండదు.

వాన పడితే నేషనల్ మ్యూజియంకి పో, ప్రవేశం ఉచితం. 1996లో క్లోనింగ్‌తో పుట్టిన డాలీ అనే గొర్రెను అక్కడ అద్దాల పెట్టెలో నిలబెట్టారు. గొర్రెలకు పేరుమోసిన నెల్లూరు జిల్లావాళ్లం, దాన్ని చూడకుండా వస్తే ఎట్లా!

పోర్టోబెల్లో బీచ్‌కి సాయంత్రం వెళ్లు, కానీ మన కావలి దగ్గరి తుమ్మలపెంట బీచ్ అనుకుని నీళ్లలోకి దూకేవు, కాళ్లు కొంకర్లు పోతాయి.

ఇంకోటి, ఆ గిన్నెల దగ్గర నీతో నిలబడ్డవాళ్లను ఒక ఆదివారం రూముకి పిలిచి కారం దోశ వేసిపెట్టు. కారం కాస్త తగ్గించు, పాపం.