పట్టేసిన నట్లు విప్పేదెలా?

ప్రశ్న: బండి కొని ఐదేళ్లయింది. విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం. కొత్త సైలెన్సర్ తెచ్చుకున్నాను గానీ, బెండ్ పైపును ఇంజన్‌కు పట్టి ఉంచే రెండు నట్లూ తుప్పు పట్టి కదలడం లేదు. స్పానర్‌కు పైపు తొడిగి లాగమని ఒకరు, గ్యాస్ వెల్డింగ్ మంట పెట్టించమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయను?

జవాబు: రెండూ వద్దు. ఆ నట్లు ఎక్కి ఉన్నది ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డులోకి దిగిన ఉక్కు స్టడ్డుకు, అంటే తల లేని మరల కడ్డీకి. అది విరిగితే గంట పని కాస్తా హెడ్డు విప్పి లేత్ షాపుకు మోసుకెళ్లే పనవుతుంది. ఉప్పుగాలి, వాన నీరు, ఇంజన్ వేడి మూడూ తగిలే చోటు కాబట్టి బండి మొత్తంలో మొండి నట్లు ఇవే.

ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. ఇంజన్ చల్లారాక, నట్టు బయటికి కనిపించే మరల మీది తుప్పును ఇనుప బ్రష్షుతో గీకేయండి. ఇది మానేస్తే కదిలిన నట్టు రెండు చుట్లు తిరిగి ఆ తుప్పులోనే మళ్లీ ఇరుక్కుంటుంది. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి పాకే పల్చటి నూనె) కొట్టి, చిన్న సుత్తితో నట్టు పలకల మీద పది పదిహేను సార్లు తట్టండి. ఆ అదురుకు తుప్పు పొర పగిలి నూనె లోపలికి పాకుతుంది. పడుకునే ముందు ఒకసారి, పొద్దున మరోసారి ఆయిల్ కొట్టండి.

విప్పడానికి ఆరు పలకల సాకెట్టే వాడండి. ఓపెన్ స్పానర్, పన్నెండు పలకల సాకెట్ తుప్పుకు అరిగిన మూలలను చెక్కేస్తాయి. ముందు బిగించే వైపు ఒక్క పిసరు కదపండి. టిక్కుమంటే పట్టు విడిందన్నమాట. అక్కడి నుంచి పావు చుట్టు విప్పడం, కాస్త వెనక్కి బిగించడం, ఒక చుక్క నూనె. మరల్లోంచి ఎర్రటి బురదలాంటిది కారుతుంటే పని సవ్యంగా సాగుతున్నట్టే. అలా కాక చేతికి రబ్బరు సాగినట్టు అనిపిస్తే తిరిగేది నట్టు కాదు, స్టడ్డు మెలిపడుతోంది. వెంటనే ఆపండి.

వేడి వంతు అప్పుడే. పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టి, నట్ల మీది నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. బ్రేక్ క్లీనర్‌తో మాత్రం తుడవకండి. క్లోరిన్ ఉన్న రకమైతే మంట తగిలి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. చిన్న బ్యూటేన్ టార్చితో నట్టునే అర నిమిషం నుంచి నిమిషం వేడి చేసి, వేడి మీదే తిప్పండి. వెల్డింగ్ మంట ఎందుకు వద్దంటే, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైగా ఇనుములా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు.

అప్పటికీ రాకపోతే నట్ స్ప్లిటర్‌తో నట్టును చీల్చేయండి. నట్టు పోయినా ఫరవాలేదు, స్టడ్డు మిగలాలి. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్, కొత్త నట్లు వేసి, మరలకు కాపర్ యాంటీ సీజ్ (మళ్లీ పట్టేయకుండా పూసే రాగి పొడి కలిసిన పేస్టు) పూయండి. అది పూసినప్పుడు మరలు జారుడుగా ఉంటాయి కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) కంటే కొంచెం తగ్గించి బిగించాలి.

ప్రశ్న: ముందు చక్రానికి వేరే డిస్కు వేద్దామని విప్పబోతే ఒక ఎలన్ బోల్టు తలలోని ఆరు పలకల గుంత గుండ్రంగా అరిగిపోయింది. నూనె కొట్టినా లాభం లేదు.

జవాబు: అక్కడ పట్టుకున్నది చాలావరకు తుప్పు కాదు, కంపెనీలో మరలకు పూసిన లాకింగ్ గమ్ము. దానికి నూనె పనిచేయదు, డిస్కు మీదో ప్యాడ్ల మీదో పడితే బ్రేకే పట్టదు. చక్రం ఊడదీసి, టైరుకూ బేరింగ్ సీలుకూ సెగ తగలకుండా హీట్ గన్‌తో బోల్టు తలను కొన్ని నిమిషాలు వేడి చేయండి. నీలం రకం గమ్ము 250 డిగ్రీల దగ్గర పట్టు వదులుతుంది. 5 మి.మీ. గుంతైతే టీ30, 6 మి.మీ. అయితే టీ40 టార్క్స్ (ఆరు మొనల నక్షత్రం ఆకారపు) బిట్టును సుత్తితో దిగ్గొట్టి, వేడి ఆరకముందే తిప్పండి. మిగతా బోల్టుల జోలికి వెళ్లే ముందు గుంతల్లోని మట్టిని సూదితో గీకి, కీ అడుగుదాకా దిగిందో లేదో చూసుకోండి. సగమే దిగిన కీ తలను అరగదీస్తుంది.